పాడుబడిన ఈతకొలను: నీరు తేరిన కథ

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కెర్న్ అనే జిల్లా వున్నది. దాని ముఖ్యపట్టణం బేకర్స్‌ఫీల్డ్. వేసవిలో ఎండలు తీవ్రంగా కాచే చోటు కావడం వల్ల అక్కడ మధ్యతరగతివారు సైతం పెరటిలో నేలను తవ్వించి ఈతకొలను కట్టించుకొనడం పరిపాటి. 2007 నాటికి ఆ రాష్ట్రంలో ఇళ్ళ బేరాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి. వడ్డీ రేటు మారుతూ వుండే అప్పులతో ఇళ్ళు కొన్నవారు వాయిదాలు చెల్లించలేకపోయారు. బేకర్స్‌ఫీల్డ్‌లో అప్పు బకాయిల తాఖీదులు 300 శాతం పెరిగాయి. అనగా ఒకటి వున్నచోట నాలుగు అయ్యాయి. అనేక కుటుంబాలు ఇళ్ళు విడిచి వెళ్ళాయి. కరెంటు ఆగింది. కరెంటుతోపాటు కొలను నీటిని వడపోసే పంపు ఆగింది. నీటిలో క్లోరిను వేసేవారు లేరు. కొద్ది వారాలలోనే నీలంగా మెరిసే నీరు పచ్చబడి, చిక్కబడి, దోమలకు పుట్టినిల్లు అయినది.

దాని ఫలితం ఆ యేడు వేసవిలోనే కనిపించింది. వెస్ట్ నైల్ అనే వైరసు పక్షులలో పెరిగి, క్యూలెక్స్ జాతి దోమల ద్వారా మనుషులకు సోకుతుంది. 1937లో ఆఫ్రికాలోని ఉగాండాలో దీనిని తొలిసారిగా గుర్తించారు. 1999లో ఇది న్యూయార్కు నగరంలో బయటపడి, కొద్ది యేండ్లలో అమెరికా ఖండాన్ని దాటి పడమటి తీరం చేరుకున్నది. సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా వుండదు గాని, కొద్దిమందికి మెదడు వాపు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. 2007 వేసవిలో కెర్న్ జిల్లాలో ఈ వ్యాధి సోకినవారి సంఖ్య 276 శాతం పెరిగింది. విమానం మీదనుండి పరిశీలించినప్పుడు కనిపించిన కొలనులలో సుమారు 17 శాతం పచ్చబడి వున్నాయి. విలియం రైసెన్, ఆయన సహచరులు ఈ రెండింటికి గల సంబంధాన్ని 2008లో ప్రకటించారు. ఒక వ్యాధి పెరగడానికి వాతావరణం, పక్షుల సంఖ్య వంటి ఇతర కారణాలు కూడ వుండవచ్చు. ఐనప్పటికీ, ఒక ఇంటి పెరటిలో పాడుబడిన నీరు ఊరందరి ఆరోగ్యానికి సంబంధించిన విషయమని ఈ ఉదంతం స్పష్టం చేసింది.

ఇటువంటి ఇంటిని కొత్తగా కొన్న వ్యక్తి తలుపు తాళంతోపాటు ఈ పచ్చని గుంటను కూడ స్వీకరిస్తాడు. దానిని తిరిగి బాగుచేయడం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కరోజున, ఒక్కరివల్ల దొరికినది కాదు. బాగుచేసే పనిలోని ఒక్కొక్క మెట్టు వెనుక శాస్త్ర చరిత్రలోని ఒక్కొక్క ఘట్టం వున్నది.

తొందరపడి తోడరాదు

పచ్చని నీటిని చూడగానే ఎవరికైనా తోచే ఆలోచన, దానినంతా తోడివేసి కొత్త నీరు నింపుదామని. పూర్వకాలంలో చేసినది కూడ అదే. సింధునదీ లోయలోని మొహంజొదారోలో 1925-26లో జరిగిన తవ్వకాలలో ఒక గొప్ప స్నానవాటిక బయల్పడింది. దాని పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. నిండుగా నింపితే రెండు లక్షల లీటర్ల నీరు పడుతుంది. కాల్చిన ఇటుకలను జిప్సం కలిసిన అడుసుతో సందు లేకుండా పేర్చి, వెనుక తారువంటి శిలాజతు పూత పూసి నీరు ఊరిపోకుండా కట్టారు. ప్రక్క గదిలో ఒక బావి వున్నది. నీరు బయటికి పోవడానికి ఒక మూలన తూము, దానిని కలుపుతూ మనిషి ఎత్తు గల కాలువ వున్నాయి. నాలుగువేల యేండ్లకు పూర్వమే ఆ ఇంజనీర్లు గ్రహించిన సూత్రం ఇది: నీటిని నిలిపే గుంట కట్టడమంటే, లోపలి నీరు బయటకు, బయటి నీరు లోపలికి పోకుండా ఆపడమే.

ఈ బయటి నీరే నేడు తొందరపడేవారిని దెబ్బతీస్తుంది. కాగితంమీద ఒక లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు గల కాంక్రీటు కొలను వున్నదనుకొందాము. అందులో పట్టే నీరు 75 ఘనపు మీటర్లు, అంటే 75,000 లీటర్లు. బరువు 75 టన్నులు. అడుగు, నాలుగు గోడలు కలిపి వైశాల్యం 95 చదరపు మీటర్లు. కాంక్రీటు మందం 15 సెంటీమీటర్లయితే, ఘనపు మీటరుకు 2.4 టన్నుల చొప్పున, కొలను తొట్టి బరువు సుమారు 34 టన్నులు. వర్షాలవల్ల చుట్టుప్రక్కల భూగర్భజలం కొలను అడుగుకంటె ఒక మీటరు పైకి వచ్చిందనుకొందాము. అప్పుడు అడుగుభాగంలోని ప్రతి చదరపు మీటరునూ ఆ నీరు ఒక టన్ను బలంతో పైకి నెడుతుంది. అడుగు వైశాల్యం 50 చదరపు మీటర్లు గనుక మొత్తం 50 టన్నులు. తొట్టి బరువు 34 టన్నులే. లోపల నీరున్నంతకాలం దాని 75 టన్నులు తొట్టిని అదిమిపట్టి వుంచుతాయి. ఆ నీటిని తోడివేసిన మరుక్షణం తొట్టి పడవ అవుతుంది. గోడలు పగిలి, గొట్టాలు తెగి, కొలను నేలలోనుంచి పైకి లేస్తుంది.

క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దిలో ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే ఇది. కనుక భూగర్భజలం ఎంత లోతున వున్నదో తెలుసుకొనకుండా, అడుగున ఒత్తిడిని తగ్గించే కవాటం పనిచేస్తున్నదో లేదో చూడకుండా కొలనును ఖాళీ చేయరాదు. గోడల పగుళ్ళు, గచ్చు ఊడిపోవడం వంటి లోపాలు వుంటే ఖాళీ చేయక తప్పదు. అప్పుడు వర్షాలు లేని కాలంలో, తెలిసినవారి పర్యవేక్షణలో ఆ పని చేయించాలి. లేకపోతే ఉన్న నీటినే శుభ్రం చేయడం మేలు.

దోమ పిల్లల లెక్క

నీటిని వుంచుకొని పని మొదలుపెట్టేటప్పుడు మొదట తీయవలసినది చెత్త. ఆకులు, కొమ్మలు, చచ్చిన పురుగులు, అడుగున పేరుకొన్న బురద - ఇవన్నీ సూక్ష్మజీవులకు ఆహారం. వీటిని వలతో దేవి తీయకుండా ఎంత మందు వేసినా, ఆ మందు చెత్తమీదనే ఖర్చయిపోతుంది.

చెత్తతోపాటు తొలగవలసినవి దోమ పిల్లలు. వెచ్చని నీటిలో దోమ గ్రుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. నిలిచిన నీటికి, జ్వరానికి సంబంధం వున్నదని లోకం ఏనాటినుండో అనుమానిస్తూనే వున్నది. కాని చెడుగాలివల్ల జ్వరం వస్తుందని నమ్మేవారు. మలేరియా అనే మాటకు అర్థం కూడ చెడుగాలి అనే. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు బోదవ్యాధి కలిగించే సూక్ష్మక్రిమి దోమ శరీరంలో పెరగడం గమనించాడు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేకర్స్‌ఫీల్డ్ కొలనులలో పెరిగే క్యూలెక్స్ దోమకు, కోస్తా ఆంధ్రలో బోదకాలు వ్యాపింపజేసిన క్యూలెక్స్ దోమకు జాతి ఒక్కటే. కనుక ఎక్కడో కాలిఫోర్నియాలోని సంగతి మనకు అంత దూరం కాదు.

ఇల్లు అమ్ముడుపోయి, కొత్త యజమాని వచ్చేలోగా నీటిలో దోమ పిల్లలు పెరగకుండా చూడడానికి కాలిఫోర్నియాలోని దోమల నివారణ శాఖలు గాంబూసియా అనే చిన్న చేపను వాడుతూ వచ్చాయి. ఈ చేపను ఆ రాష్ట్రానికి 1922లో తెచ్చారు. భారతదేశానికి 1928లో వచ్చింది. ఇది దోమ పిల్లలను తిని బ్రతుకుతుంది. ఐతే దీనిని ఏరులలోను, సహజమైన చెరువులలోను వదలరాదు. అక్కడి స్వదేశీ చేపల పిల్లలను కూడ తినివేసి ఆ జాతులకు ముప్పు తెస్తుంది. నీటిలో క్లోరిను వేయడానికి ముందుగానే ఈ చేపలను తీసివేయాలి.

పటిక, ఇసుక

చెత్త తీసిన తరువాత కూడ నీరు పచ్చగానే వుంటుంది. ఆ పచ్చదనం కంటికి విడిగా కనిపించని శైవలాలది, అంటే నీటినాచు కణాలది. ఇవి ఎంత చిన్నవంటే ఇసుక వడపోతలోని సందులగుండా జారిపోతాయి. వాటిని జారకుండా చేయడానికి ఉపాయం మన ఇళ్ళలో పూర్వంనుంచి వున్నది. గోదావరి, కృష్ణ నీరు బురదగా వచ్చినప్పుడు బిందెలో పటిక ముక్క త్రిప్పడం తెలియని ఇల్లాలు లేదు. చిల్లగింజను కుండ లోపల అరగదీసి నీటిని తేర్చడం అంతకన్నా పాతది. దానినే కతకమనే పేరుతో సుశ్రుత సంహితలో చెప్పారు. నీటిలోని సూక్ష్మరేణువులన్నీ ఋణ విద్యుత్తు కలిగి ఒకదానినొకటి నెట్టుకొంటూ వుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ విద్యుత్తును అణచగా, రేణువులు దగ్గరకు చేరి దూదిపింజలవలె ముద్దకట్టి అడుగుకు దిగుతాయి.

ఇసుకతో వడపోయడం పెద్ద ఎత్తున స్కాట్లండులోని పైస్లీ పట్టణంలో 1804లో మొదలైనది. జాన్ గిబ్ అనే బట్టల చలువ వ్యాపారి తన కర్మాగారానికి కావలసిన నీటిని ఇసుక, కంకర పొరలగుండా పోనిచ్చి, మిగిలిన నీటిని ఊరివారికి అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండనులో థేమ్స్ నది నీటికి ఇసుక వడపోతను ఏర్పాటు చేశాడు. ఈతకొలను ప్రక్కన వుండే ఇసుక పీపా వీటి సంతతిదే. పాడుబడిన ఇంటిలో ఈ పీపాలోని ఇసుక జిడ్డుపట్టి గడ్డకట్టి వుంటుంది. నీటిని ఎదురు దిశలో పంపి కడగాలి. అప్పటికీ వదలకపోతే ఇసుకను మార్చవలసినదే.

పంపు ఎంతసేపు నడపాలి? గంటకు 12,500 లీటర్లు తోడే పంపు 75,000 లీటర్లను ఆరు గంటలలో ఒకసారి త్రిప్పుతుంది. కాబట్టి ఆరు గంటలలో నీరంతా శుభ్రమవుతుందని విద్యార్థి అనుకొనవచ్చు. అది పొరపాటు. వడపోసిన నీరు తిరిగి మురికి నీటిలోనే కలుస్తుంది గదా! 1926లో గేజ్, బిడ్‌వెల్ అనే ఇద్దరు అమెరికనులు ఈ లెక్కను విశదం చేశారు. ఒక చుట్టులో వడపోత గుండా పోయేది నీటిలో సుమారు 63 శాతం మాత్రమే. రెండు చుట్లకు 86, మూడు చుట్లకు 95, నాలుగు చుట్లకు 98 శాతం అవుతుంది. ఎన్ని చుట్లు తిరిగినా నూరు శాతం ఎన్నటికీ కాదు. పచ్చని కొలను తేరడానికి పంపు రాత్రింబగళ్ళు కొన్నాళ్ళపాటు ఎందుకు నడవాలో ఇందువల్ల తెలుస్తుంది.

క్లోరిను వచ్చిన త్రోవ

వడపోత నీటిని తేర్చగలదు గాని, అందులోని క్రిములనన్నిటినీ చంపలేదు. 1846లో బ్రిటనులో ప్రజాస్నానశాలల చట్టం వచ్చిన తరువాత అనేక పట్టణాలలో కొలనులు వెలిశాయి. నీటిని నింపడం, కొన్నాళ్ళు వాడడం, మురికి కాగానే వదలివేయడం - ఇదే పద్ధతి. కొత్త నీరు పెట్టిన రోజున రుసుము ఎక్కువ, నీరు మురికి పట్టేకొద్దీ తక్కువ. అంటే పేదవానికి దక్కినది మురికి నీరు.

1774లో స్వీడను దేశీయుడైన షీలె ఆకుపచ్చని పసుపు వన్నె గల ఒక వాయువును కనుగొన్నాడు. 1810లో హంఫ్రీ డేవీ అది మూలకమని నిర్ధారించి, గ్రీకు భాషలో ఆ వన్నెను తెలిపే మాటనుండి క్లోరిను అని పేరు పెట్టాడు. 1799లో చార్లెస్ టెన్నెంట్ ఆ వాయువును సున్నంలో ఇమిడ్చి చలువపొడిగా, అనగా బ్లీచింగు పౌడరుగా, తయారుచేయడానికి హక్కు పొందాడు. అప్పటికి దాని ఉపయోగం బట్టలకే. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ప్రసూతి వార్డులోని వైద్యులచేత క్లోరిను సున్నపు నీటితో చేతులు కడిగించగా, బాలింతల మరణాలు ఎంతో తగ్గాయి. ఐనా ఆయన మాట ఆనాడు చెల్లలేదు. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో విషజ్వరాలు చెలరేగినప్పుడు అలెగ్జాండర్ హూస్టన్ తాగేనీటిలో ఎడతెగకుండా క్లోరిను కలిపించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరపు నీటిలో జాన్ లీల్ అదే పనిచేశాడు. తాగేనీటిలో విషం కలుపుతారా అని వివాదం చెలరేగి న్యాయస్థానం దాకా పోయింది. న్యాయస్థానం ఆ పద్ధతిని అంగీకరించింది. ఆ తరువాత 1910లో బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో క్లోరిను వేసి చూశారు. నీటిని మాటిమాటికి పారబోయనక్కరలేదని తేలింది. ఒకే నీటిని సంవత్సరాల తరబడి వాడుకొనే నేటి ఈతకొలను ఆనాడు పుట్టినదని చెప్పవచ్చు.

పచ్చబడిన కొలనుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిను ఇవ్వాలంటే, 75,000 లీటర్లకు 750 గ్రాములు కావాలి. నూటికి 30 పాళ్ళు క్లోరిను నిచ్చే బ్లీచింగు పౌడరయితే రెండున్నర కిలోలు. ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. నాచు, మలినాలు దానిని మ్రింగివేస్తాయి. పరీక్షిస్తూ, తరిగినంత తిరిగి కలుపుతూ, రాత్రి గడచినా క్లోరిను తరగని స్థితి వచ్చేవరకు వేయాలి. ఎండ కూడ క్లోరినుకు శత్రువే. అందుచేత సాయంకాలం వేయడం మంచిది. సయన్యూరిక్ ఆమ్లం కలిపితే ఎండవల్ల కలిగే నష్టం తగ్గుతుంది. కాని అది నీటిలో పేరుకుపోతే క్లోరిను పని మందగిస్తుంది. అప్పుడు కొంత నీటిని తీసి కొత్త నీరు కలపడమే మార్గం.

ఆమ్లత్వపు త్రాసు

క్లోరిను ఎంత వేసినా కొలను తేరకపోవడానికి మరొక కారణం వుండవచ్చు. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయనవేత్త ఆమ్లత్వాన్ని కొలవడానికి పి.హెచ్. అనే మానాన్ని ప్రవేశపెట్టాడు. నీటిలో క్లోరిను కొంత హైపోక్లోరస్ ఆమ్లంగాను, కొంత హైపోక్లోరైటు అయానుగాను వుంటుంది. మొదటిదానికి విద్యుదావేశం లేదు. కనుక క్రిమి కణంలోనికి సులభంగా దూరిపోతుంది. రెండవది ఋణావేశం కలది. కణపు పైపొరలోని ఋణావేశం దానిని దూరంగా నెడుతుంది. పి.హెచ్. 7 వద్ద క్లోరినులో దాదాపు మూడువంతులు శక్తిగల మొదటి రూపంలో వుంటుంది. 7.5 వద్ద సగమే. 8 వద్ద నాలుగవవంతు మాత్రమే. కనుక మందు వేయడానికి ముందు పి.హెచ్. చూసి, దానిని 7.2కు 7.8కి మధ్య వుంచాలి.

పి.హెచ్. తగ్గించడానికి ఆమ్లం కలుపుతారు. ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఒకటి వున్నది. ఆమ్లాన్ని, బ్లీచింగు పౌడరును ఒకే పాత్రలో కలిపితే క్లోరిను వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిలు 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద యుద్ధభూమిలో సైనికుల ఊపిరితిత్తులను కాల్చినది ఈ వాయువే. రకరకాల క్లోరిను మందులను ఒకదానితో ఒకటి కలిపినా ప్రేలుడు సంభవించవచ్చు. ఏ మందుకు ఆ పాత్ర వేరుగా వుండాలి. ఒకటి నీటిలో బాగా కలిసిపోయిన తరువాతనే రెండవది వేయాలి.

అడుగు కనిపించేవరకు

నీరు పచ్చదనం వదలి పాలవన్నెకు, పాలవన్నె నుండి తేటకు వస్తుంది. చచ్చిన నాచు వడపోతలో చిక్కుతుంది. ఐనా అప్పుడే పిల్లలను దిగనీయరాదు. క్లోరిను లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాములకు దిగాలి. ఈతకొలనువద్ద ముక్కుకు తగిలే ఘాటు క్లోరిను ఎక్కువైనందుకు గుర్తు అని చాలామంది అనుకొంటారు. నిజానికి చెమట, మూత్రాలలోని నత్రజని పదార్థాలతో క్లోరిను కలిసి ఏర్పడే క్లోరమీనుల వాసన అది. మంచి కొలనుకు వాసన అంతగా వుండదు.

క్లోరినుకు లొంగని జీవులు కూడ వున్నాయి. పలు క్రిములు నిమిషంలో చస్తే, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరినులో పదిరోజులకు పైగా బ్రతుకుతుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరపు తాగేనీటిలో ఇది చేరి, అంచనా ప్రకారం నాలుగు లక్షల మందికి విరేచనాలు కలిగించింది. కనుక విరేచనాలు పట్టుకొన్నవారిని కొలనులో దిగనీయకపోవడమే అన్నిటికంటె గట్టి మందు.

నీరు తేటగా వుండవలసినది అందం కోసమే కాదు. అడుగు కనిపించని కొలనులో పిల్లవాడు మునిగితే గట్టుమీద నిలబడినవారికి కూడ తెలియదు. అందుచేతనే కొలను చుట్టూ కంచె, మూసుకొనే తలుపు, అడుగు తూముకు సరియైన మూత - ఈ మూడూ నీటికంటె ముందు బాగుచేయవలసినవి.

మన దేశంలో పెరటి ఈతకొలనులు కొద్ది. కాని పాడుబడిన బావులు, కోనేళ్ళు, చెరువులు ఎన్నో. గోల్కొండ సమీపంలో కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని దిగుడుబావులు పూడికతోను, కూలిన గోడలతోను వుండగా, వాటిని పూడిక తీసి, రాతి కట్టడాలను తిరిగి నిలిపి, వాననీరు చేరేటట్లు చేశారు. ఆ పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది. ఆ బావులలో క్లోరిను ప్రసక్తి లేకపోవచ్చు. ఐనా సూత్రం ఒక్కటే: ముందు గోడ, తరువాత పూడిక, ఆ తరువాత నీరు, ఆ నీటికి ప్రతిదినం ఒకరి కన్ను. బేకర్స్‌ఫీల్డ్‌లో లోపించినది ఈ చివరిదే. ఆ ఇళ్ళ గోడలు గట్టివి, పంపులు మంచివి, మందులు అంగడిలో వున్నవి. చూసేవారు మాత్రం లేరు.